సిరియాపై ఆంక్షల ఎత్తివేత: ఒక్క మాట, మూడు చర్యలు

సిరియాపై ఆంక్షలు తొలగిస్తున్నట్లు అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 మే 13న రియాద్‌లో ప్రకటించారు. ఆ మాట పూర్తిగా చట్టరూపం దాల్చడానికి ఏడు నెలలు పట్టింది.

తెలుగు వార్తల్లో ‘ఎత్తివేత’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాం గానీ, జరిగినవి మూడు వేర్వేరు చర్యలు. మే 23న అమెరికా ఆర్థికశాఖ సాధారణ లైసెన్సు ఇచ్చింది. అంటే ఆంక్షలు ఉంటాయి, లావాదేవీలకు అనుమతీ ఉంటుంది. అదే రోజున సీజర్ చట్టం కింద 180 రోజుల మినహాయింపు వెలువడింది. జూన్ 30 నాటి ఉత్తర్వు అధ్యక్షుని అధికారంతో విధించిన ఆంక్షలను రద్దు చేసింది. 2019 నాటి సీజర్ చట్టం మాత్రం కాంగ్రెస్ చేసినది. కాంగ్రెసే రద్దు చేయాలి. డిసెంబరులో వార్షిక రక్షణ బిల్లుతో పాటు ఆ పనీ జరిగింది.

ఈ తేడా చట్ట నిపుణుల చాదస్తం కాదు. సిరియా పునర్నిర్మాణానికి 21,600 కోట్ల డాలర్లు అవసరమని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆరు నెలల మినహాయింపును నమ్ముకుని విద్యుత్ కేంద్రం ఎవరు కడతారు? పైగా సీజర్ చట్టం ఇతర దేశాల సంస్థలను సైతం శిక్షించగలిగేది. అందుకే విదేశాల్లోని సిరియన్లు ఇంటికి డబ్బు పంపాలన్నా బ్యాంకులు వెనుకాడి, దళారులే దిక్కయ్యారు.

బ్యాంకుల భయం ఉత్తర్వులతో పోయేది కాదు. ఆంక్షల ఉల్లంఘనకు ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా 2014లో దాదాపు 890 కోట్ల డాలర్లు చెల్లించుకుంది. 2016 జనవరిలో ఇరాన్‌పై ఆంక్షలు తొలగినా పెద్ద ఐరోపా బ్యాంకులు అటు అడుగు పెట్టలేదు. 2018లో ట్రంప్ ఒప్పందం నుంచి వైదొలగడంతో ఆ జంకు సహేతుకమేనని తేలింది. మరుసటి ఏడాది భారత్ ఇరాన్ చమురు కొనుగోళ్లు ఆపవలసి వచ్చింది.

సిరియాలోనూ భారత్‌కు పాత పద్దు ఉంది. చైనా సంస్థ సీఎన్‌పీసీతో కలిసి ఓఎన్‌జీసీ విదేశ్ అక్కడి అల్ ఫురాత్ చమురు క్షేత్రాల్లో వాటాలు కొన్నది. అంతర్యుద్ధం, 2011 నాటి ఐరోపా ఆంక్షలతో ఆ పెట్టుబడి స్తంభించింది. దానిని తిరిగి కదిలించే ముందు రెండు అంశాలను గమనించక తప్పదు. సిరియాను 1979లో ఉగ్రవాద పోషక దేశాల జాబితాలో చేర్చిన నిర్ణయాన్ని జూన్ ఉత్తర్వు రద్దు చేయలేదు, సమీక్షించమని మాత్రమే ఆదేశించింది. ఇక సీజర్ చట్టాన్ని రద్దు చేసిన కాంగ్రెస్, అహ్మద్ అల్ షరా ప్రభుత్వ నడతపై నాలుగేళ్లపాటు నివేదికలు కోరింది.