బడి వద్దంటే రాసివ్వమనండి!

అమ్మలారా! నాన్నలారా! అక్కా, అన్నా!

జూన్ వచ్చింది. వీధిలో పిల్లలందరికీ కొత్త బ్యాగులు, కొత్త యూనిఫాంలు. ఆటిజం ఉన్న మన పిల్లలకి? "ఈ ఏడాదికి ఇంట్లోనే ఉంచండమ్మా, వచ్చే ఏడాది చూద్దాం." పోయిన జూన్‌లోనూ ఇదే మాట! ఇంకెన్ని జూన్‌లు వింటాం?

ఏం తప్పు చేశారు మన పిల్లలు? గంట మోగితే చెవులు మూసుకున్నారు. పిలిస్తే తల తిప్పలేదు. క్లాసులో లేచి తిరిగారు. సంతోషం పట్టలేక చేతులు ఆడించారు. ఇంతే! దీనికి శిక్ష టీసీయా?

ఆటిజం రోగం కాదు. అంటుకునేది అసలే కాదు. దయ్యం లేదు, గాలి సోకడం లేదు, పోయిన జన్మ పాపం అంతకన్నా లేదు. మెదడు ఎదిగే తీరే పుట్టుక నుంచి వేరుగా ఉంటుంది. మనం పట్టించుకోని మిక్సీ మోత ఒక బిడ్డకి భరించలేని బాధ. చొక్కా కాలర్ వెనక లేబుల్ గుచ్చుకుంటుంటే పాఠం ఎక్కడ బుర్రకెక్కుతుంది? ఇంకో బిడ్డకి ఇవేవీ పట్టవు. కానీ ఆటో రోజూ వెళ్ళే దారి మార్చి వేరే సందులో తిరిగిందా, ఇల్లు చేరేదాకా ఏడుపే. ఒకరు గలగలా మాట్లాడతారు. ఒకరికి మీసాలొచ్చినా మాట రాదు. ఒకర్ని చూసి ఇంకొకరిని అంచనా వేయకండి!

మాట సరిగ్గా రాకపోతే మనసులో ఏమీ లేనట్టేనా? దాహం వేసిన పిల్లాడు అమ్మ కొంగు పట్టుకుని "నాన్నా, నీళ్ళు కావాలా?" అంటాడు. రోజూ అమ్మ వాణ్ణి అడిగే మాట అది. అదే రాగం, అదే సాగదీత. అమ్మనే "నాన్నా" అని పిలుస్తాడు. ఎందుకంటే నీళ్ళు వచ్చే ముందు వినబడేది ఆ మాటే! వాడు అడుగుతున్నాడండీ! తనకి దొరికిన తెలుగులో అడుగుతున్నాడు. చుట్టాలు నవ్వుతారు. టీచరమ్మ డైరీలో "చెప్పిందే చెబుతాడు, ఏమీ అర్థం కాదు" అని రాసి పంపుతుంది. అర్థం కానిది ఎవరికి?

ఇక అమ్మల మీద పడే నిందలు! "నువ్వు ఉద్యోగానికి పోబట్టే." "ఫోన్ చేతికిచ్చి చెడగొట్టావు." "మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా?" అత్తగారూ అంటుంది, ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషీ అంటుంది. ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లే ఇలా అన్నారు. తల్లికి ప్రేమ లేకనే బిడ్డ ఇలా అయ్యాడని 1950ల్లో, 60ల్లో ఎందరో తల్లుల్ని ఏడిపించారు. అది పచ్చి అబద్ధమని తేలి దశాబ్దాలైంది. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా పెద్దదని పరిశోధనలు చెబుతున్నాయి. ఫోన్ ఎక్కువ చూస్తే మాటలు ఆలస్యం కావచ్చు, తగ్గించండి. ఆటిజాన్ని తెచ్చిపెట్టేది మాత్రం ఫోన్ కాదు, అమ్మ అంతకంటే కాదు!

టీకాల వల్ల వస్తుందని ఇంకా వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఆ పుకారు 1998లో బ్రిటన్‌లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక్క వ్యాసంతో మొదలైంది. దాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అది రాసిన డాక్టరు లైసెన్సు ఊడిపోయింది. పిల్లలకి టీకాలు మానకండి!

మన కన్నీళ్ళ మీద డబ్బు చేసుకునేవాళ్ళున్నారు, జాగ్రత్త! తాయెత్తు వాడు వేలు గుంజుతాడు. ఏసీ గదిలో కూర్చున్నవాడు "మూలకణాలు ఎక్కిస్తాం, ఆటిజం పోతుంది" అని లక్షలు గుంజుతాడు. ఆటిజానికి మూలకణ చికిత్స సిఫార్సు చేయదగింది కాదని జాతీయ వైద్య కమిషన్ నైతిక బోర్డు 2022లోనే తేల్చింది. పుస్తెలు అమ్మకండి! పనికొచ్చేవి స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఓపికగా నేర్పే టీచరు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. జిల్లా ఆసుపత్రిలో సత్వర చికిత్సా కేంద్రం ఉందేమో వెళ్ళి అడగండి. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. ఉండీ తాళం వేసి ఉంటే, పదిమందిమి కలిసి వెళ్ళి అడుగుదాం.

అన్నిటికంటే గుండె కోసే మాట ఇంకోటుంది. అక్కకి పెళ్ళిచూపులు. "వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా తమ్ముణ్ణి లోపలి గదిలో ఉంచండి." గడియ వేస్తారు. లోపల నుంచి చప్పుడు వినిపించకుండా టీవీ పెద్దగా పెడతారు. మోతంటేనే ఓర్చుకోలేని బిడ్డకి ఆ టీవీ! ఎన్ని ఇళ్ళలో జరుగుతోంది ఇది? ఎవరికి భయపడి? తమ్ముణ్ణి చూసి పారిపోయే సంబంధం మనకెందుకు?

దాచింది చాలు. చట్టం మన వైపుంది. పాత 1995 చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ బడైనా, ప్రభుత్వ గుర్తింపుతో నడిచే ప్రైవేటు బడైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత చదువు హక్కు. చేరిన బిడ్డని ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ జైలు. స్పెషల్ టీచర్ల పోస్టులు లెక్కతేల్చి ప్రకటించండని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మరి "షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి" అని మన నెత్తిన రుద్దడమేంటి?

ఒక్కో బిడ్డలో ఆటిజం ఎంత శాతమో తేల్చడానికి దేశమంతా వాడే 40 అంశాల కొలమానం తయారైంది మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో! ఆ పక్కనే ఉన్న ఊళ్ళలో మన పిల్లల్ని పిచ్చోళ్ళంటుంటే ఊరుకుందామా? వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి వెళ్ళండి. సర్టిఫికెట్ మీద ఆటిజం అనే రాశారో లేదో అక్కడే చదివి చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. బడి వాళ్ళు నోటిమాటతో వద్దంటారు. కాగితం మీద పెట్టరు. పెడితే దొరికిపోతామని వాళ్ళకి తెలుసు! కాబట్టి నోటిమాటకి వెనక్కి రాకండి. అడ్మిషన్ దరఖాస్తు రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం అడగండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. "ఎందుకు చేర్చుకోరో రాసివ్వండి సార్" అని మర్యాదగానే అడగండి, గట్టిగా అడగండి. ఆ కాగితాలతో డీఈవో దగ్గరికి, కలెక్టరు గారి దగ్గరికి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి ఫిర్యాదు.

ఒక్కరే వెళ్ళకండి! ఒంటరి తల్లి కనబడితే కసురుతారు. ముగ్గురు వెళ్తే కుర్చీ వేస్తారు.

ఆటిజం లేని ఇళ్ళవాళ్ళారా, మీరూ రండి! మీ పిల్లాడి పక్క బెంచీలో మా పిల్లాడు కూర్చుంటే వద్దని ఫోన్ చేయకండి. చేసేవాళ్ళుంటే ఆపండి. బస్సులో బిడ్డ కేకలు పెడుతుంటే తల్లి పెంపకం మీద తీర్పు చెప్పకండి. కిటికీ సీటు ఇవ్వండి. వినాయక చవితికి డీజే మా గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు కాస్త తగ్గించండి.

ఈ కరపత్రం చదివి జేబులో పెట్టుకోకండి. మీ వీధిలో తలుపు మూసుకున్న ఇల్లు మీకు తెలుసు. ఈ సాయంత్రమే వెళ్ళి తట్టండి. సోమవారం పొద్దున్నే తొమ్మిదింటికి, ఆ బిడ్డతో, ఆ అమ్మతో, రెండు కాపీల దరఖాస్తుతో బడి ఆఫీసు గదిలో ఉండండి!

— ఆటిజం పిల్లల తల్లిదండ్రులు