రింగులు మార్చి సీళ్లు వదిలేస్తే ఎట్లా?

ఈ వారం నా రాతకు కొంచెం ఇంజన్ ఆయిల్ మరకలు అంటి ఉంటాయి, ఏమనుకోకండి. మనలో సగం మందికి రోజూ షిఫ్టుకు చేర్చేది ఆ బండే కదా.

మన శ్రీరాంపూర్, నస్పూర్ కాలనీల్లో ప్లేడే వచ్చిందంటే క్వార్టర్ వరండాలో గోనెసంచి పరుచుకుని, స్ప్లెండర్ ఇంజన్ విప్పి కూర్చున్నవాళ్లు కనబడతారు. ఫిట్టర్లు, హెల్పర్లు, ఐటీఐ చదివి కాంట్రాక్టు పనికి పోతున్న పిల్లలు. సొంత చేతులతో పని చేసుకోవడం మంచిదే, డబ్బు మిగులుతుంది, ఇంట్లో పిల్లలు చూసి నేర్చుకుంటారు. నా అభ్యంతరం ఒక్కటే. అంత కష్టపడి ఇంజన్ విప్పి, పిస్టన్ రింగులు మాత్రం కొత్తవి వేసి, పాత వాల్వ్ సీళ్లు, పాత బేరింగులే మళ్లీ బిగిస్తున్నారు. నెల తిరక్కముందే "అయ్యగారూ, రింగులేసినం, పొగ ఇంకా వస్తనే ఉంది" అంటారు.

వస్తుంది మరి. పొగ ఎప్పుడు వస్తోందో చూశారా? యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ నీలం పొగ వస్తుంటే రింగులను, బోరును అనుమానించాలి. పొద్దున కిక్ కొట్టగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతున్నా, దిగుడులో థ్రోటిల్ వదిలేసి మళ్లీ ఇచ్చినప్పుడు ఒక్కసారి వస్తున్నా అది ఎక్కువగా వాల్వ్ సీళ్ల పనే. థ్రోటిల్ మూసినప్పుడు ఇన్‌లెట్ వైపు గాలి తక్కువై పీల్పు పెరుగుతుంది. సీల్ గట్టిపడి ఉంటే ఆ పీల్పుకు హెడ్‌లోని ఆయిల్ వాల్వ్ కాడ వెంట లోపలికి జారి మండుతుంది. నల్ల పొగ సంగతి వేరు, అది పెట్రోల్ ఎక్కువై వచ్చేది. ఇక పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. అది టూ స్ట్రోక్, ఆయిల్ కాల్చడమే దాని బతుకు, దానికి వాల్వ్ సీళ్లే లేవు.

"కొంచెం పొగే కదా, పోనీ" అంటారు కొందరు. పోనీ అనడానికి లేదు. స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ, అందులో పట్టే ఆయిల్ లీటరుకు మించదు. క్రాంకుకు, క్లచ్చుకు, గేర్లకు, పైన క్యామ్‌షాఫ్టుకు అన్నిటికీ ఆ ఒక్క ఆయిలే. సీళ్ల గుండా రోజూ కొంత కాలిపోతుంటే, డిప్‌స్టిక్ చూసే అలవాటు లేని ఇంట్లో మూడు నెలలకు బేరింగులు ఎండిపోతాయి. ఒక పూట చికెన్ కూడా రాని ఖర్చుకు కక్కుర్తి పడితే క్రాంకు పోతుంది. నైట్ షిఫ్టు దిగి ఇందారం, జైపూర్ వైపు 63వ నంబర్ జాతీయ రహదారి మీద వెళ్తున్నప్పుడు ఇంజన్ సీజ్ అయి వెనక చక్రం బిగుసుకుంటే, వెనక వచ్చే టిప్పర్ ఆగుతుందా? ఇంట్లో కూర్చుని ఎదురుచూసేవాళ్లకు ఈ లెక్క తెలుసు.

నాకు వింతగా ఉండేది ఇంకొకటి. ఓపెన్‌కాస్టులో 100 టన్నుల డంపర్ ఇంజన్ విప్పిన మనిషిని పాత సీల్ తుడిచి మళ్లీ వేయమనండి, తిడతాడు. అదే చేయి ఇంటికొచ్చి తన బండికి పాత సీల్ వేస్తుంది. కంపెనీ బండికి ఇచ్చే మర్యాద, మన పిల్లలు ఎక్కే బండికి ఎందుకు ఇవ్వం?

సీళ్లు మార్చడం ఇంట్లో చేసుకోగల పనే. హెడ్ దించాక స్ప్రింగ్ కంప్రెసర్‌తో స్ప్రింగు నొక్కి లాకులు తీయాలి. స్క్రూడ్రైవర్, సుత్తి పెట్టి కొడితే లాకు ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు, కంట్లోనూ పడొచ్చు. పాత సీల్‌ను వేళ్లతో నొక్కి చూడండి, రబ్బరులా కాక ప్లాస్టిక్ ముక్కలా ఉంటుంది. కొత్తది వేసే ముందు వాల్వును గైడులో పెట్టి పక్కలకు ఊపి చూడండి. ఎక్కువ ఊగితే గైడు అరిగిపోయినట్టే, కొత్త సీల్ కూడా ఎక్కువ రోజులు ఆగదు. కాడకు ఆయిల్ రాసి, లాకు గాడి అంచు సీల్ పెదవిని కోయకుండా పలచటి ప్లాస్టిక్ తొడిగి దించండి. వాల్వులకు గ్రైండింగ్ పేస్టు వాడితే పెట్రోల్‌తో మళ్లీ మళ్లీ కడగండి. అది ఒక్క రవ్వ మిగిలినా ఆయిల్‌లో కలిసి కొత్త బేరింగునే తినేస్తుంది.

మన దగ్గర దుమ్ము సంగతి వేరే చెప్పాలా? బొగ్గు పొడి కంటే ఓబీ మట్టి దుమ్ముకే నేను ఎక్కువ భయపడతాను, దానిలో ఇసుక ఉంటుంది. వరండాలో పని మొదలుపెట్టే ముందు నీళ్లు చల్లండి, విప్పిన ఇంజన్‌ను తడి పిండిన బట్టతో కప్పండి. ఎయిర్ ఫిల్టర్ పాతది ఉంచి మిగతావన్నీ మార్చడం వృథా.

బేరింగుల దగ్గర నెమ్మదిగా ఉండాలి. దుకాణంలో నంబర్ చదవండి. 6204 అంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47. పాతదాని మీద సీ3 అని కూడా ఉంటే కొత్తదాని మీదా అదే ఉండాలి. వేడికి వ్యాకోచించేందుకు లోపల కొంచెం ఎక్కువ సందు ఉందని దాని అర్థం. "ఏదైనా ఒకటే తమ్మీ" అన్న దుకాణదారుడి మాట వినకండి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కేసును 100 డిగ్రీల దాకా వేడి చేసి, బేరింగును ఫ్రిజ్‌లో పెట్టి తెస్తే చాలావరకు చేత్తోనే దిగుతుంది (ఇంట్లో అమ్మను అడిగి పెట్టండి, కవర్ చుట్టి పెట్టండి). కొట్టాల్సే వస్తే కేసులోకి దించేటప్పుడు బయటి రింగు మీద, షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద మాత్రమే దెబ్బ పడాలి. దెబ్బ గోళీల గుండా పోయిందా, కొత్త బేరింగు ఆ క్షణమే పాతదైపోతుంది.

అయితే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు జోలికి ఇంట్లో పోవద్దు. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కూర్చి, డయల్ గేజ్ పెట్టి సరిచూడాలి. అది లేత్ వర్క్స్ వాళ్ల పని, బోరు కొట్టించడం కూడా అంతే. వాళ్ల కూలి వాళ్లకు ఇవ్వడానికి గీచి గీచి బేరమాడకండి.

ఇక పొగ కనబడకుండా చిక్కటి ఆయిల్ పోసి బండి అమ్మేసేవాళ్లున్నారు. దాన్ని తెలివి అని నేను అనను, దొంగతనమే అంటాను. కొనేవాడు కూడా ఏ కాంట్రాక్టు కార్మికుడో అయి ఉంటాడు. బండి ఆగి రెండు మస్టర్లు పోతే ఆ నెల కిస్తీ కట్టలేడు. సీళ్లు పోయాయని చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి.

ఇంజన్ కట్టాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ముగ్గురెక్కి గోదావరిఖనికి పోకండి. 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చేయండి, తీసిన ఆయిల్ మోరీలో పోయొద్దు.

స్ప్రింగ్ కంప్రెసర్ ఒకటి, టార్క్ రెంచ్ ఒకటి సంఘం గదిలో బీరువా కింది అరలో పెట్టించాను. అందరూ కొనాల్సిన పనిలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పక్కనున్న పుస్తకంలో పేరు రాసి తీసుకెళ్లండి, తుడిచి తిరిగి ఇవ్వండి.