ఆ పీరియడ్ ఏ రోజు?

చిన్నప్పుడు నాకు తెలిసిన చిత్రశాల మా అమ్మమ్మ ట్రంకుపెట్టె. వంశధార ఒడ్డున మా ఊళ్లో, వేసవి మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, పెట్టె అడుగున పరిచిన చందమామ అట్టలు ఒక్కొక్కటే బయటికి తీసేవాణ్ణి. కళ్లకు ఆనించుకుంటే నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు తప్ప ఇంకేం కనపడేవి కావు. చెయ్యి చాపి పట్టుకుంటే ఆ చుక్కలే ఒక రాకుమారి చెంప అయ్యేవి. చెంప వెనక దీపం పెట్టారా అన్నట్టు వెలుగు. మూల చిన్న సంతకం: వపా.

ఆ వపా మా శ్రీకాకుళం మనిషేనని తెలిసినప్పుడు పొంగిపోయాను. వడ్డాది పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి రామమూర్తి గారు డ్రాయింగ్ మేష్టారు. పాపయ్య గారు బొమ్మలు గీయడం నేర్చింది ఆయన దగ్గరే. ఆ కుర్రవాడి మనసు దోచినవి రవివర్మ చిత్రాలు. రవివర్మ నూనెరంగుల పటాలు మొదట సంస్థానాల గోడలకే పరిమితం. 1894లో ఆయన సొంత అచ్చుకూటం పెట్టాకే అవి దేవుడి పటాలై మామూలు ఇళ్లకు చేరాయి. పాపయ్య గారు కూడా పల్లెలకు చేరింది అచ్చు దారినే. 1947లో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ పదికి పైగా భాషల్లో వెలువడింది. తెలుగు అక్షరం రాని పిల్లలు కూడా మన పాపయ్య గారి బొమ్మ చూసి కథలోకి అడుగుపెట్టారు.

నూనెరంగు నెమ్మదిగా ఆరుతుంది. తప్పు జరిగితే గీకి మళ్లీ వేసుకోవచ్చు. పాపయ్య గారు చేతపట్టిన నీటిరంగు అంత ఓపిక పట్టదు. వెలుగు ఎక్కడ నిలవాలో ముందే తెలుసుకుని, అక్కడ కాగితం తెలుపును కాపాడుకోవాలి. ఆ పట్టు ఒక్కరోజులో రాదు. చిన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని చూడటం నేర్పే పెద్ద దిక్కు ఉండాలి. పాపయ్య గారికి ఆ దిక్కు ఇంట్లోనే దొరికింది. విజయనగరంలో ఆ దిక్కు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారు అయ్యారు. మద్రాసులో శిల్పి, చిత్రకారుడు దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర నేర్చిన విద్యను తనతోనే ఉంచుకోకుండా విజయనగరం పిల్లలకు పంచారు.

మరి ఇప్పుడు పల్లెలో పుట్టిన పిల్లకు ఎవరు దిక్కు? నేను చదివిన హైస్కూల్లో డ్రాయింగ్ మేష్టారు ఉండేవారు. నల్లబల్ల మీద సుద్దముక్కను పక్కకు వాల్చి ఒక్క తిప్పు తిప్పితే మామిడికాయ వచ్చేది. "గీత తరవాతరా, ముందు కాయని చూడు" అనేవారు. ఆయన రిటైరయ్యాక ఆ పీరియడ్ లెక్కలకు వెళ్లిపోయింది. అడిగినవాళ్లు లేరు. మా నాన్న కూడా అడగలేదు.

బొమ్మలు కూడు పెడతాయా అంటారు. బొబ్బిలి వీణ చెక్కే చెయ్యి, పొందూరు చీరకు అంచు కూర్చే కన్ను, ద్వారబంధానికి లత తొలిచే ఉలి ఏ విద్యతో బతుకుతున్నాయి? చూసి గీయగలిగిన విద్యతోనే కదా. లెక్కలకు ఎదురు నిలిచే విద్య కాదిది. కొలత, నిష్పత్తి, ఓర్పు అన్నీ ఇందులోనూ ఉన్నాయి.

నేను అడిగేవి మూడు. ప్రతి హైస్కూల్లో ఒక డ్రాయింగ్ మేష్టారు. వారానికి రెండు పీరియడ్లు, వాటిని ఇంకెవరూ లాక్కోకూడదు. పుస్తకాలతో పాటు ఒక కాగితాల పుస్తకం, ఒక రంగుల పెట్టె.

పాపయ్య గారు చివరి రోజులు కశింకోటలో గడిపి, 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజుకు దండ వేయడం మంచిదే. దండతో పాటు ఇంకో పని చేద్దాం. ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అయ్యాక, కుర్చీలోంచి లేవకముందే హెడ్మాష్టారిని ఒక్కమాట అడగండి: "డ్రాయింగ్ పీరియడ్ ఏ రోజండీ?" జవాబు రాకపోతే వచ్చే నెల మళ్లీ అడగండి. మా నాన్న అడగని ప్రశ్న అది. నా మనవరాలి బడిలో నేను అడుగుతాను.