అచ్చు కొందామా, వద్దా?

మా సంఘం పెట్టి వచ్చే ఏడాదికి పాతికేళ్ళు నిండుతాయి. ఆ గుర్తుగా ఒక వెండి నాణెం వేయించాలని మొన్నటి కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. ఒక వైపు పెద్ద ప్రశ్నార్థకం, రెండో వైపు సంఘం పేరు, సంవత్సరం. ఇరవై గ్రాముల బరువు. ప్రతిపాదించింది మా ఫిజిక్సు మాస్టారు. ఆయన ఏదీ ఊరికే అనరు. డ్రాయింగు గీసుకుని వచ్చారు, ఒక వర్క్‌షాపు దగ్గర కొటేషన్ కూడా తెచ్చారు. రెండు ఉక్కు అచ్చులు, చుట్టూ ఉండే కాలరు కలిపి నలభై వేలు. "ఒకసారి అచ్చులు మనవైపోతే ఎన్నేళ్ళయినా ఎన్ని కావాలంటే అన్ని కొట్టించుకోవచ్చు" అన్నారు. చేతులెత్తమంటే నలభై ఒక్క చేతులు లేచాయి. ఆ తర్వాత అందరూ నా వైపు చూశారు. ముప్ఫై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ పద్దులు చూసినవాణ్ణి కదా, పైసలు లెక్కపెట్టడం నా వంతు.

అప్పటికప్పుడు నేనేమీ చెప్పలేదు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అచ్చులు కొనవద్దు. కారణాలు మాత్రం సమావేశంలో అందరూ అనుకున్నవి కావు.

మొదట ఆ నలభై వేల సంగతి చూద్దాం. అందరి వాదనా దాని చుట్టూనే తిరిగింది. ఖరీదెక్కువ అని కొందరు, కాదని కొందరు. రెండు వందల నాణేలు కొట్టిస్తే ఒక్కోదాని మీద పడే అచ్చు ఖర్చు రెండు వందల రూపాయలు. యాభయ్యే కొట్టిస్తే ఎనిమిది వందలు. రెండు వేలు కొట్టిస్తే ఇరవై. బి.కాం. మొదటి సంవత్సరం పిల్లవాడు చెప్పే లెక్క ఇది. ఇక వెండి. 2025 మధ్యలో ఉన్నట్టు కిలో లక్ష అని గుండ్రంగా వేసుకుంటే, రెండు వందల నాణేలకు నాలుగు కిలోలు, అంటే నాలుగు లక్షలు. కొట్టినందుకు మజూరీ ఒక్కోదానికి నూట యాభై చొప్పున ముప్ఫై వేలు. అచ్చులతో కలిపి నాలుగు లక్షల డెబ్భై వేలు. మూడు శాతం జి.ఎస్.టి. పక్కన పెట్టినా నాణెం ఒక్కింటికి రెండు వేల మూడు వందల యాభై. నలభై వేల దగ్గర గంటసేపు కొట్టుకున్నాం, నాలుగు లక్షల దగ్గర ఎవరూ నోరెత్తలేదు. అచ్చు కొత్త వస్తువు కాబట్టి కంటికి ఆనుతుంది. వెండి అంటావా, అది ఎప్పుడూ సొమ్మే కదా, ఎక్కడికి పోతుంది అని ధీమా.

ఎక్కడికి పోతుందో చెప్తాను. 2020 మొదట్లో కిలో యాభై వేల లోపున్న వెండి 2025లో లక్ష దాటింది. ఇది చూసే మావాళ్ళకు ధైర్యం వచ్చింది. కాని 1980 జనవరిలో అమెరికాలో ఔన్సు యాభై డాలర్ల దాకా ఎక్కిన వెండి అదే ఏడాది మార్చి 27న పదకొండు డాలర్ల లోపుకు పడింది. హంట్ సోదరులు కోట్ల డాలర్లతో వెండిని గుత్తకు పట్టబోయి మునిగారు. 2011 ఏప్రిల్‌లో మళ్ళీ యాభై దగ్గరకు వెళ్ళి, మే మొదటి వారంలోనే నాలుగో వంతు పోగొట్టుకుంది. ధర పెరుగుతుందని నమ్మేవారు నాణెం ఎందుకు, సాదా వెండి కడ్డీ కొనుక్కోవచ్చు. అందులో అచ్చు ఖర్చుండదు, మజూరీ ఉండదు. తిరిగి అమ్మేటప్పుడు కొట్లో వాడికి మన ప్రశ్నార్థకంతో పనిలేదు. కాటాలో వేస్తాడు, తరుగు తీస్తాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఇంకో లెక్క ఎవరికీ తట్టలేదు. నాకూ వర్క్‌షాపుకు వెళ్ళి చూసేదాకా తట్టలేదు. నాణెం వెండి ముద్దలోంచి నేరుగా రాదు. వెండిని కరిగించి, పట్టీగా సాగదీసి, అందులోంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని ఎర్రగా కాల్చి మెత్తబరిచి, యాసిడ్‌లో కడిగి, అప్పుడు రెండు అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సులో ఒక్క దెబ్బ వేస్తారు. ఇరవై గ్రాముల వెండి ముప్ఫై ఆరు మిల్లీమీటర్ల వ్యాసంతో చేస్తే మందం రెండు మిల్లీమీటర్ల లోపు వస్తుంది. ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్ల పట్టీలో, ముప్ఫై ఎనిమిదికి ఒకటి చొప్పున బిళ్ళలు కత్తిరిస్తే, పట్టీలో డెబ్భై శాతం మాత్రమే బిళ్ళలవుతుంది. మిగిలింది చిల్లుల రేకు. అంటే నాలుగు కిలోల నాణేలకు దాదాపు ఐదు కిలోల ఏడు వందల గ్రాముల వెండి కావాలి. ఆ పైదంతా పారబోసేది కాదు, మళ్ళీ కరిగించుకోవచ్చు. కాని దాని డబ్బు ముందు పెట్టాల్సిందే. కరిగించే మజూరీ, తరుగు ఎవరి ఖాతాలో పడతాయో కొటేషన్‌లో రాయలేదు. నేను ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్కటే, కొటేషన్‌లో ఉన్నదానికన్నా లేనిదాన్ని ముందు చదవాలి.

ఇక "అచ్చులు మనవైపోతే" అన్న మాట. దీని దగ్గర కాసేపు ఆగాలి.

ఒకసారి ఒక యూనిట్‌లో లోకల్ ఆడిట్‌కు వెళ్ళాను, పేరు అనవసరం. స్టోర్‌లో ఒక అల్మరా నిండా గ్రీజు పూసి నూనె కాగితం చుట్టిన పనిముట్లు కనిపించాయి. ఒక ప్రత్యేక ఆర్డరు కోసం చేయించినవి. ఆ ఆర్డరు మళ్ళీ రాలేదు. ఏటా ఎవరో ఒకరు వాటిని లెక్కపెట్టి లెడ్జర్‌లో సంతకం పెడుతున్నారు. తీసెయ్యమని ఎవరూ రాయరు. "ఇంత ఖరీదు పెట్టి చేయించాం, రేపు పనికొస్తే?" అంటారు. రేపు అన్నది పద్దెనిమిదేళ్ళుగా వస్తూనే ఉంది. మన అచ్చులకూ అదే గతి. పైగా ఆ దిమ్మ కొలతలు ఆ వర్క్‌షాపు ప్రెస్సుకు సరిపోయేలా చేస్తారు. ఇంకో ప్రెస్సులో దానికి చోటుండకపోవచ్చు. గట్టిపరిచిన ఉక్కు కాబట్టి తుప్పు పట్టకుండా చూడాలి, పగిలితే ఎవరూ పూచీ పడరు. అచ్చు మనదే, పనిచేసేది మాత్రం వాళ్ళ దగ్గరే. ఇలాంటి సొంతాన్ని నేను ఆస్తి అనను.

అసలు ప్రమాదం వేరే ఉంది. అచ్చు చేతిలో ఉంటే ఊరుకోం. మొదటి ఏడాది రెండు వందలు కొడతాం, నూట యాభై అమ్ముతాం. "అచ్చులున్నాయి కదా, ఇంకో వంద కొడితే అచ్చు ఖర్చు తగ్గుతుంది" అంటారు. ఖర్చయిపోయిన నలభై వేలను కాపాడటానికి మరో రెండు లక్షలు పెడతాం. బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు కంకార్డ్ విమానం విషయంలో చేసింది ఇదేనని అర్థశాస్త్రం వాళ్ళు చెప్తుంటారు. బాబాల దగ్గరకు పదేళ్ళు తిరిగినవాడు పదకొండో ఏడు మానలేకపోవడం గురించి మనం ఉపన్యాసాలిస్తాం. ఇన్నాళ్ళు పెట్టింది పోతుందన్న దిగులు హేతువాదికైనా ఉంటుంది, నాకూ ఉంది. పనికిరాని పాత స్కూటరు రిపేరుకు ఎంత పెట్టానో మా ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు.

మాస్టారు నాతో గట్టిగా వాదించింది మరో అంశం మీద. "జనం లక్ష్మీదేవి బిళ్ళలు కొంటున్నారు, అక్షయ తృతీయకు క్యూ కడుతున్నారు. తిరుమలలో డాలర్లు అమ్ముతారు. మన ఆలోచనకూ చేతిలో పట్టుకునే వస్తువొకటి ఉండాలండీ. పిల్లలకు బహుమతిగా ఇవ్వొచ్చు" అన్నారు. ఈ మాటలో నిజం ఉంది. నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. కాని మన ప్రాంతంలో బిళ్ళల చరిత్ర ఆయనకూ తెలుసు. సీతారాముల పట్టాభిషేకం ముద్ర ఉన్న రామటెంకీలు ఇప్పటికీ పూజగదుల్లో ఉన్నాయి. అవి నాణేలు కావు, గుడి టోకెన్లు. పాత రాజులవని చెప్పి ఎన్నో రెట్లకు అమ్ముతారు. ఇంకా ఘోరం, ఒక వైపు హనుమంతుడు, రెండో వైపు ఈస్టిండియా కంపెనీ, 1818 అని ఉండే రాగి బిళ్ళలు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వెయ్యలేదు. ఎవడో అచ్చు చేయించుకుని కొట్టినవే అన్నీ. ఇలాంటి వాటికి బియ్యాన్ని లాక్కునే శక్తి ఉందని 'రైస్ పుల్లింగ్' పేరుతో లక్షలకు లక్షలు గుంజారు. గింజలకు ఇనప రజను పట్టించి, బిళ్ళ కింద అయస్కాంతం పెడితే అయిపోతుంది. మన వాళ్ళే ఎన్నో సభల్లో చేసి చూపించారు. హైదరాబాదులో, చెన్నైలో ఈ ముఠాలు పట్టుబడుతూనే ఉన్నాయి.

మరి మన ప్రశ్నార్థకం బిళ్ళ యాభై ఏళ్ళ తర్వాత ఎవడి చేతిలో పడి ఏమవుతుంది? దానికీ ఏదో మహిమ అంటగడతారని నేను భయపడటం అతిగా అనిపించవచ్చు. కాని ఆ ఉక్కు అచ్చులు వర్క్‌షాపు మూలన పడి ఉంటే, ఎవరైనా సీసం మీద వెండి పూత వేసి కొట్టి మన పేరుతో అమ్మవచ్చు. ఇది అతి కాదు. అందుకని వేయిస్తే ఒక్కసారే వేయించి, పని కాగానే అచ్చు ముఖం మీద అడ్డంగా గీత చెక్కించి రద్దు చెయ్యాలి. కొనుక్కునే అచ్చును రద్దు చెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి?

చట్టం సంగతి కూడా చెప్పాలి. దొంగ నాణేల పనిముట్లు చెయ్యడం, దగ్గర పెట్టుకోవడం పాత పీనల్ కోడ్‌లోనూ నేరమే, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. లోహపు ముక్కల్ని డబ్బులా చలామణీ చెయ్యకూడదని 2011 నాణేల చట్టం చెప్తుంది. మనది జ్ఞాపిక కాబట్టి ఇబ్బంది లేదు, దాని మీద "రూపాయలు" అని అంకె వెయ్యనంతవరకు, నాలుగు సింహాల బొమ్మ పెట్టనంతవరకు. మాస్టారి డ్రాయింగులో సరదాకి "నూరు ప్రశ్నలు" అని విలువ రాశారు. బాగుంది గాని, తీసెయ్యమన్నాను.

స్వచ్ఛత మాటకొస్తే, 999 అని అచ్చులో చెక్కినంత మాత్రాన అది 999 అయిపోదు. అచ్చుకు అబద్ధం తెలియదు, ఏది చెక్కితే అది ముద్రిస్తుంది. దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి తూస్తే ఇరవై గ్రాముల వెండి దాదాపు 1.91 గ్రాములు తేలికవ్వాలి. జర్మన్ సిల్వరైతే 2.3 దాకా తగ్గుతుంది, వెంటనే దొరికిపోతుంది. కాని 925 వెండికి, 999కి తేడా రెండు మూడు సెంటీగ్రాములే. ఇంట్లో కాటాకు అందదు. రాగి, సీసం పాళ్ళు సరిగ్గా కలిపితే సాంద్రత వెండితో సమానం చెయ్యొచ్చు కూడా. కాబట్టి టంచు రిపోర్టు లేనిదే డబ్బు కట్టకూడదు.

ఇంతకీ వెండే ఎందుకు? మన సైన్యంలో మహావీర చక్ర, వీర చక్ర వెండివి. వాటన్నిటికీ పైనున్న పరమ వీర చక్ర కంచుది. సావిత్రీ ఖానోల్కర్ దాన్ని రూపొందించారు. కరిగిస్తే టీ ఖర్చుకు సరిపోని లోహం. దాని ముందు జనరళ్ళు కూడా సెల్యూట్ కొడతారు. మన బిళ్ళ రాగిది చేయిస్తే నాలుగు లక్షల చోట కొన్ని వేలల్లో లోహం వస్తుంది. అచ్చు కొననక్కర్లేదు, వర్క్‌షాపు అచ్చు ఉంచుకుని ముక్కకింత అని తీసుకుంటుంది. ఇచ్చే పిల్లవాడు దాన్ని అమ్ముకోడు, గీకి చూసుకుంటాడు.

కిందటి ఆదివారం సమావేశంలో ఇదంతా చదివాను. వెండే కావాలనేవారు ఉంటే, పుస్తకాలకు ముందు చందా కట్టినట్టు, రెండు వేల ఐదు వందలు ముందే కట్టాలన్నాను. నూట ఇరవై మంది కడితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను, లేకపోతే ప్రస్తావన మళ్ళీ తేవద్దు అని కాగితం మీద రాసి అధ్యక్షుల వారికిచ్చాను. ముందే హద్దు గీసుకోకపోతే తర్వాత ఎంత వచ్చినా "పర్లేదు" అనిపిస్తుంది. పట్టిక చేతులు మారి తిరిగొచ్చింది. నలభై ఒక్క చేతుల్లో తొమ్మిది సంతకాలు. వాటిలో ఒకటి నాది.

మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. బయటికొచ్చాక టీ తాగుతూ, "పోనీ రాగిలోనే వేద్దాం లెండి" అన్నారు. వర్క్‌షాపాయన చూపిన లోపం ఒకటి ఆయనకు చెప్పాను. ప్రశ్నార్థకం కింద చుక్క చాలా ఎత్తుగా ఉంది. సరిగ్గా దాని వెనకే సంఘం గుర్తు కూడా ఎత్తుగా ఉంది. రెండూ ఒకే లోహాన్ని లాగితే ఏదీ పూర్తిగా నిండదట. చుక్కను కాస్త పక్కకు జరిపి మళ్ళీ గీస్తానని డ్రాయింగు తీసుకెళ్ళారు.