మూతపడిన గుడికొక కైఫీయతు

కోనసీమలో ఏ ఊరికి పోయినను, కాలువ గట్టు వెంట నాలుగడుగులు నడిచిన మాత్రమున ఒక ఆలయ శిఖరమో, కొబ్బరితోపు నడుమ ఒక శిలువయో కంటబడక మానదు. దీపము వెలుగుచున్న గుళ్ళు అందరికిని కనిపించును. దీపమారిన వాటిని గూర్చి పలుకువారు తక్కువ. గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ సీమకు నది తల్లియు, పరీక్షాధికారియు కూడ. ఒక ఒడ్డున మేట వేయును. వేరొక ఒడ్డును కోయును. లంక కోతపడినప్పుడు ఇండ్లతోబాటు ఆ ఇండ్లవారు మ్రొక్కిన చోటును తరలిపోవును. 1986 ఆగస్టు వరదలును, 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపానును చూచినవారు ఆ సంగతి ఎరుగుదురు. గాలికి నీటికి పోయిన గుళ్ళు కొన్ని. పాతబడినవని పడగొట్టి క్రొత్తవి కట్టుకొన్నవి కొన్ని. జనము వలసపోగా తలుపులు పడినవి మరికొన్ని. కారణమేదైనను ఒక ప్రశ్న మిగులును. గుడి మూతపడిన తరువాత, దాని చుట్టు అల్లుకొన్న జ్ఞాపకము ఎవరి వద్ద నిలుచును? ఎంతకాలము నిలుచును?

ఈ ప్రశ్న అన్ని మతములవారికిని చెందినదే. అయినను కాథలిక క్రైస్తవుల విషయమున దీనికొక ప్రత్యేకత కలదు. వారు తమ దేవాలయమును పల్లెలలో 'గుడి' అనియే పిలుతురు. ఒక గురువు పాలనలోనున్న ఊళ్ళ సముదాయమును 'విచారణ' అందురు. ఎంత చక్కని తెలుగు మాట! ఆ ఊళ్ళలోని మంచిచెడ్డలు విచారించుటకు ఒకరున్నారని దాని భావము. బిడ్డకు జ్ఞానస్నానము, వధూవరులకు వివాహము, పోయినవారికి సమాధులతోటలో ఆరడుగుల నేల, ఈ మూడును విచారణ గుడితో ముడిపడియున్నవి. కావున విచారణ గుడి మూతపడెననగా ఒక కట్టడము పాడుపడుటతో ముగియదు. పుట్టుక మొదలు చావు వరకు మనుష్యుని పేరు వ్రాసియుంచిన చోటు మూతపడినదన్నమాట.

ఇట్టి మూత ఎంత దూరము పోవునో తెలియవలెనన్న, కోనసీమ విడిచి కొంతసేపు రాయలసీమకు పోవలెను. 18వ శతాబ్ది ప్రారంభమున పుదుచ్చేరినుండి బయలుదేరిన ఫ్రెంచి యేసుసభ గురువులు 1701 ప్రాంతమున పుంగనూరులో అడుగు పెట్టిరి. పిమ్మట నేటి అనంతపురము ప్రాంతమున కృష్ణాపురము, మద్దిగుబ్బ మొదలగు ఊళ్ళలో గుళ్ళు వెలసినవి. ఆ గురువులు కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్న్యాసుల వలె జీవించిరి, తెలుగు నేర్చిరి. వారిలో గస్తోన్ కేర్దూ అనునతడు 1732లో ఈ దేశమునకు వచ్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషలకు నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకును లాటిను, గ్రీకు భాషలకును గల చుట్టరికమును గూర్చి 1767లోనే, అనగా విలియం జోన్సు ప్రసంగమునకు 19 ఏండ్లు ముందే, పారిసు పండితులకు లేఖ వ్రాసినవాడు ఇతడే. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ప్రబంధ రీతిని 'వేదాంత రసాయనము'గా రచించెను. అనగా ఆ గుళ్ళ కాలము తెలుగు భాషకు కూడ ఒక మేలుకాలమే.

ఆ గుళ్ళు చిరకాలము నిలువలేదు. మహారాష్ట్ర దండుల రాకపోకలు, ఇంగ్లీషు ఫ్రెంచివారల యుద్ధములు, మైసూరు సేనల దాడులు పల్లెలను నిలువనీయలేదు. దానికి తోడు 1764లో ఫ్రాన్సు దేశమున యేసుసభ నిషేధింపబడెను. 1773లో పోపు 14వ క్లెమెంటు ఆ సభనే రద్దు చేసెను. ఐరోపాలోని రాజుల ఒత్తిడికి రోములో వ్రాసిన ఒక ఆజ్ఞ అనంతపురము మెట్టలలో గుడి తలుపులు మూయించినది! 1776లో పారిసు విదేశ మిషనువారు ఆ బాధ్యతను స్వీకరించిరి గాని, దూరపు తెలుగు పల్లెలకు గురువులు చాలినంత మంది లేరైరి. క్షామములు, కల్లోలములు మీదపడగా జనము కదలిరి. కొన్ని కుటుంబములు దక్షిణమునకు పోయి, నేటి తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరి వంటి చోట్ల స్థిరపడినవి. మరి కొన్ని గుంటూరు సీమకు చేరినవి. కీళచ్చేరిలో ఈ వంశములవారు తమిళుల నడుమనుండియు ఇంట తెలుగు విడువలేదు. గుంటూరు సీమ కాథలిక రెడ్ల ఇండ్లలో పెద్దలు తమ పూర్వుల రాయలసీమ వలస కథను నేటికిని చెప్పుకొనుచుందురు. 1875 తరువాత మిల్‌హిల్ గురువులు ఆ ప్రాంతమునకు వచ్చినప్పుడు వారికి విశ్వాసులు సిద్ధముగా దొరకిరి. ఫిరంగిపురములో థియొడోర్ డిక్మన్ గురువు కట్టించిన బాలయేసు దేవాలయమునకు పునాదిరాయి పడుటకు ముందే, ఆ పునాదిని కొందరు తమ గుండెలలో మోసికొని వచ్చియుండిరనుట అతిశయోక్తి కాదు.

ఇంతవరకు ఇది వినుటకు ఇంపైన కథ. ఇందు దాగిన లోటును కూడ చూడవలెను. మూతపడిన ఆ గుళ్ళను గూర్చి మిగిలిన ఆధారములు రెండు తెరగులు: గురువులు ఫ్రాన్సుకు వ్రాసిన లేఖలు ఒకటి, వలసపోయిన వంశముల నోటిమాట రెండవది. లేఖలలో గురువుల పేర్లు, ప్రయాణములు, కష్టములు విపులముగా ఉన్నవి. కేర్దూ 1742లో కోరమాండల్ తీరపు బట్టల అద్దకమును గూర్చి సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. కరక్కాయ మొదలు చిరువేరు వరకు ఏ రంగు ఎట్లు ఎక్కించెదరో ఐరోపా వారికి తెలిపినది ఆ లేఖయే. ఆ విద్యను అతనికి చెప్పినవారు అతని గుడికి వచ్చు పనివారు. విద్య ఫ్రాన్సుకు చేరినది. చెప్పినవారి పేర్లు చరిత్రకెక్కలేదు.

ఇక నోటిమాట విషయము. భూమి, ఇంటిపేరు, బలగము గలవారి వలస కథ నిలిచినది. ఆ గుడికే వచ్చి వెలుపల నిలిచి ప్రార్థించిన మాలమాదిగల కథ ఏమైనది? కులభేదమును గుడిలో ఎంతవరకు సహింపవచ్చునను వివాదము ఆ దినములలో రోము నగరము దాక పోయి, 1744లో పోపు 14వ బెనెడిక్టు శాసనము వెలువడు వరకు సాగినది. అంతటి వివాదమునకు కారణమైనవారు తమ నోట ఏమనిరో ఒక్క పంక్తియు కానరాదు. గుడి మూతపడినప్పుడు అందరి జ్ఞాపకమును ఒక్కసారిగా పోదు. మొదట పేదవాని జ్ఞాపకము పోవును.

జ్ఞాపకమును కాపాడుట ఒక పని. వట్టి నిట్టూర్పుతో అది సాగదు. అమెరికాలోని బోస్టను మేత్రాసనము 2004లో గురువుల కొరత, ధనపు ఇబ్బంది మున్నగు కారణములు చూపి అనేక విచారణలను మూసివేసినది. సిట్యుయేట్ అను సముద్రతీరపు ఊరిలోని కబ్రీని పునీతురాలి గుడి అందులో ఒకటి. ఆ విచారణవారు గుడి విడిచి కదలలేదు. వంతులు వేసికొని, రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు లోపల ఉండునట్లు ఏర్పాటు చేసికొనిరి. ఈ కాపలా పదునొకండు ఏండ్లకు పైగా సాగి, అత్యున్నత న్యాయస్థానము వారి మొర వినుటకు నిరాకరించిన పిమ్మట 2016 మే నెలలో ముగిసినది. గుడి దక్కలేదు. అయినను ఆ వంతుల పట్టిక ఒక ఊరి జ్ఞాపకమునకు దస్తావేజు. కృష్ణాపురమువారికి అట్లు కాపలా కాయు వీలు లేకపోయెను. వారు గుడిని మనసున పెట్టుకొని నడిచిపోయిరి. ఉభయులును ఒక సంగతి తెలిపినారు: తలుపు మూయుట ఎవరి చేతిలోనున్నను, జ్ఞాపకము నిలుపుకొనుట ఊరివారి చేతిలోనిదే.

ఇప్పుడు కోనసీమకు మరలి రావచ్చును. ఇచ్చట చేయదగినదేమి? మొదటిది విచారణ చిట్టాలను భద్రపరచుట. 1563లో త్రెంతు మహాసభ వివాహములను, జ్ఞానస్నానములను వ్రాసియుంచవలెనని ఆదేశించినది. నేటి శ్రీసభ చట్టమును ప్రతి విచారణయందు ఆ చిట్టాలుండవలెనని, పాతవానిని జాగ్రత్తగా దాచవలెనని శాసించుచున్నది. జననమరణముల నమోదును గూర్చి దేశమంతటికి ఒకే చట్టము వచ్చినది 1969లో. అంతకు ముందు పుట్టిన కూలివాని తాతపేరు రెవెన్యూ దస్త్రములలో దొరకదు. అతనికి పట్టా భూమి లేదు. బడి హాజరుపట్టీలో దొరకదు; అతడు బడికి పోలేదు. అట్టివాని పేరు తొలిసారి సిరాతో వ్రాయబడినది జ్ఞానస్నానపు చిట్టాలో కావచ్చును. గౌతమి కావల నున్న యానామువారికి కాగితపు విలువ వేరుగ చెప్పనక్కర లేదు. 1962 ఆగస్టు 16న ఫ్రెంచివారితో సంధి అమలులోనికి వచ్చినప్పుడు, ఆరు నెలలలోపల ఏ దేశపు పౌరులో తేల్చుకొను అవకాశము అచ్చటివారికి కలిగినది. ఎవరు ఎచ్చట ఎప్పుడు పుట్టిరను కాగితము ఒక కుటుంబపు భవిష్యత్తునే నిర్ణయించిన దినములవి. చెదలు తినుచున్న చిట్టాను పాతకాగితముగా ఎంచువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనుట మేలు.

చిట్టా పేరు చెప్పును, బ్రతుకు చెప్పదు. రెండవ పని ముసలివారి నోటినుండి వినుట. గుడి కట్టిననాడు మన్ను మోసినవారెవరు? పొద్దున, మధ్యాహ్నము, సాయంకాలము త్రికాలజపపు గంట కొట్టినదెవరు? ఉపదేశి పిల్లలకు అక్షరములు ఏ చెట్టు క్రింద దిద్దించెను? పండుగనాడు తేరు ఏ వీథి దాక వచ్చెడిది, ఏ వీథికి రాకుండెడిది? తుపాను రాత్రి గుడిలో తలదాచుకొన్నవారెవరు? వారందరు ఒక్క మతమువారేనా? గుడి మూతపడిన పిమ్మట గంట ఎచ్చటికి పోయినది, స్వరూపములు ఎవరి ఇంట ఉన్నవి? నవంబరు 2వ తేదీన సమాధుల పండుగకు పాత తోటలో ఇంకను దీపము పెట్టువారున్నారా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు ఎనుబది ఏండ్లు దాటిన వృద్ధులు. ఒక్కొక్కరుగా వారు కనుమరుగగుచున్నారు.

వినునప్పుడు ఒక జాగ్రత్త వలయును. జ్ఞాపకము తనవారిని పొగడును. పోయిన కాలమునకు తేనె పూయును. మూతపడిన గుడిని గూర్చి చెప్పువారు పండుగలను, పాటలను ముందు చెప్పుదురు, తగవులను దాచుదురు. గుడి మూతపడుటకు గురువుల కొరత ఎంత కారణమో, వర్గముల పంతము ఎంత కారణమో అడిగి వ్రాయవలెను. స్త్రీలను వేరుగ కూర్చుండబెట్టి అడుగవలెను. పురుషులు చెప్పు గుడి కథయు స్త్రీలు చెప్పు గుడి కథయు ఒక్కటి కాకపోవచ్చును. రెండు మాటలు పొసగనప్పుడు రెంటిని వ్రాసి ఉంచుటయే న్యాయము.

ఈ పని తెలుగువారికి క్రొత్తది కాదు. రెండు వందల ఏండ్లకు పూర్వము కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయమున, ఊరూరి కైఫీయతులను సేకరింపజేసెను. ఆ కైఫీయతులు లేకున్న ఆంధ్రదేశపు గ్రామచరిత్ర సగము చీకటిలోనుండెడిది. అయితే వానిలో కరణాలు, ఆలయాధికారులు చెప్పినదే అధికము. చెరువు త్రవ్వినవాని మాట, పేట చివర వాని మాట అందు చాల తక్కువ. నేటి కైఫీయతు ఆ లోటు తీర్చునదిగా ఉండవలెను. చేతిలో ఇమిడెడి యంత్రము మాటను పట్టి యుంచు ఈ కాలమున, వ్రాయసగాండ్రను గుర్రములపై పంపనక్కర లేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట కళాశాలలలోని తెలుగు విద్యార్థులు వేసవి సెలవులలో తలకొక గుడిని తీసికొన్న చాలును. మేత్రాణులు చిట్టాలు చూచుటకు అనుమతి నొసగవలెను. చూచినవారు అందలి ఇంటి గుట్టులను వీథికెక్కింపక మర్యాద పాటింపవలెను.

కోనసీమ 2022లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, అదే ఏట డాక్టర్ అంబేద్కరు పేరును పెట్టుకొన్నది. ఎప్పటికైనను దానికొక జిల్లా చరిత్ర వ్రాయక తప్పదు. ఆ గ్రంథమున ఆనకట్ట కట్టిన కాటను దొర పేరుండును, ఉండవలసినదే. ఎవరి పేరు పెట్టుకొన్నదో ఆ మహనీయుని గౌరవమునకు తగినట్లు, ఆ గ్రంథమున మూతపడిన గుడిలో గంట కొట్టిన ముసలివాని పేరు కూడ ఉండవలెను. ఆనాడు అద్దకపు పనివారి పేర్లు వ్రాసికొనువారు లేకపోయిరి. కోనసీమలో చెప్పువారు ఇంకను ఉన్నారు. వినువారు బయలుదేరవలసి యున్నది.