సిగ్నల్‌కూ తోక ఆయకట్టు గతేనా?

పత్తి అమ్ముకోవాలంటే ముందు ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలట! 2025-26 సీజన్‌కు సీసీఐ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉంది. అది చేతికి రావాలంటే యాప్ తెరుచుకోవాలి, ఓటీపీ రావాలి. పెంబి, కడెం అడవి గూడేల్లో గుట్టెక్కినా సిగ్నల్ దొరకని రైతు ఏం చేయాలి? దళారి చెప్పిన రేటుకు తూకం వేయాల్సిందే. సిగ్నల్ లేకపోవడం కూడా ఒక దోపిడీయే!

పైసలు లేవా అంటే ఉన్నాయి. భారత్‌నెట్‌కు కేంద్రం 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు వేశారు. అయితే కేబుల్ పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగిపోతే గూడేనికి ఒరిగేదేమిటి?

అక్కడి నుంచి గూడెం దాకా దారి ఉంది. అదే మెష్ నెట్‌వర్క్. వైఫై పెట్టెలు ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకుంటూ ముందుకు పంపుతాయి. వలలో ఒక పోగు తెగినా ఇంకో పోగు పట్టుకున్నట్టు, ఒక పెట్టె ఆగినా సిగ్నల్ వేరే దారిన పోతుంది. వైఫై తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు. స్పెయిన్‌లోని కాటలోనియా పల్లెవాసులు 2004లో ఇట్లాగే మొదలుపెట్టి, 30 వేలకు పైగా కేంద్రాలతో సొంత నెట్‌వర్క్ కట్టుకున్నారు.

కానీ కాంట్రాక్టరు పెట్టెలు తెచ్చి స్తంభాలకు తగిలిస్తే మెష్ కాదు. ప్లాన్ తప్పితే సొమ్మంతా బూడిదలో పోసిన పన్నీరే.

మన అడవి టేకు అడవి. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాలి ఉన్నప్పుడు సర్వే చేస్తే సిగ్నల్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. వానలు పడి ఆకు కమ్ముకున్నాక, ఆ తడి ఆకు సిగ్నల్‌ను మింగేస్తుంది. రైతుకు యూరియా కోసం పరుగులు పెట్టే కాలమూ అదే! అందుకే సర్వే వానకాలంలోనే జరగాలి.

కాలువ నీళ్లలాగే సిగ్నల్‌కూ తోక ఆయకట్టు ఉంటుంది. ఒకే రేడియోతో అందుకుని, దానితోనే ముందుకు పంపే పెట్టెల్లో ప్రతి మజిలీకి వేగం దాదాపు సగం పడిపోతుంది. 40 ఉన్నది 20, 10, ఆఖరి గూడేనికి 5. కాబట్టి ముందుకు పంపడానికి వేరే రేడియో ఉండాలి. రెండు మూడు మజిలీలకోసారి కొత్తగా కేబుల్ అందాలి.

2000ల దశకంలో పశ్చిమ గోదావరి పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో వైఫై లింకులు వేసింది. అది చదునైన డెల్టా. మనవి గుట్టలు. ఏ గుట్ట మీద నిలబడితే ఏ ఊరు కనిపిస్తుందో హైదరాబాద్‌లోని మ్యాపు కన్నా మన పశువుల కాపరికే బాగా తెలుసు. గాలివానకు కరెంటు పోతుంది కనుక ప్రతి పెట్టెకూ సోలార్, బ్యాటరీ తప్పనిసరి. 2022 జూలైలో కడెం వరదకు ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి మరవొద్దు. హెచ్చరిక చేరాల్సింది సరిగ్గా ఆ గంటలోనే.

టవర్లు వస్తాయి కదా అంటారు. రానీయండి, కాదన్నదెవరు? వచ్చేదాకా రైతు నష్టపోవాలా?

మన డిమాండ్లు:

1. సిగ్నల్ లేని ఊళ్ల రైతులకు యాప్ నిబంధన ఎత్తివేయాలి. కొనుగోలు కేంద్రంలోనే పేరు రాసుకుని పత్తి కొనాలి.

2. మెష్ ప్లాన్‌ను గ్రామసభ ముందు పెట్టాలి. ఆఖరి గూడెంలో వేగం కొలిచి చూపాకే బిల్లు చెల్లించాలి.

3. గూడెం యువతకు శిక్షణ, జీతం ఇచ్చి నిర్వహణ అప్పగించాలి.

తోక ఆయకట్టుకు నీళ్ల కోసం కొట్లాడినోళ్లం. సిగ్నల్ కోసమూ కొట్లాడుదాం!