కట్టేసిన మనిషి మీద తుపాకి



ఆగస్టు 15 ఈసారి శుక్రవారం వచ్చింది. శనివారం కృష్ణాష్టమి, ఆదివారం ఎలాగూ సెలవే. మూడు రోజులూ టీవీల్లో తుపాకులు మోగాయి. వాన వచ్చి డిష్ సిగ్నల్ పోయినంతసేపే మన వీధిలో కాల్పులు ఆగాయి. ఏటా ఈ వారంలో తిరిగి తిరిగి వేసే సినిమాలు మీకు తెలిసినవే: ఖడ్గం, కంచె, ఘాజీ, మేజర్, ఆర్ ఆర్ ఆర్. అన్నిటికంటే ముందు కృష్ణగారి అల్లూరి సీతారామరాజు.

సినిమాలు చూడవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. చెప్పినా వినేవాళ్ళు ఎంతమంది, అది వేరే సంగతి. చూస్తూ మనం ఎక్కడ చప్పట్లు కొడుతున్నాము అన్నదే నా ప్రశ్న.

అల్లూరి సీతారామరాజు సినిమా 1974 మే 1న విడుదలైంది. చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావుగారు సినిమా పూర్తి కాకుండానే కన్నుమూశారు. జగ్గయ్యగారు రూథర్‌ఫర్డ్ వేషం వేశారు. మైదానం వాళ్ళు ఆ సినిమాలో ఒక వీరుణ్ణి చూస్తారు. మనం మన ఊళ్ళ పేర్లు వింటాం. చింతపల్లి, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, మంప, కొయ్యూరు. సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా మనం బస్సెక్కే ఊళ్ళు ఇవే.

ఆ పితూరీ ఎందుకు వచ్చిందో పిల్లలకు చెప్పండి, సినిమాలో పాటల మధ్య అది సరిగా అందదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో తాతల నాటి పోడు నేరమైపోయింది. కట్టె కొడితే కేసు, పశువుల్ని తోలితే జరిమానా. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి లంబసింగికి వేసే రోడ్డు పనిలో మన వాళ్ళ చేత చాకిరీ చేయించి సరైన కూలి ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. తీసుకున్నదేమిటో స్టేషన్లో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర మాటు వేసినప్పుడు ముందు నడిచిన మన దేశపు సిపాయిల్ని పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ఆ ఇద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ రోజు రెండు వైపులా తుపాకులున్నాయి. దానిని యుద్ధం అనవచ్చు.

1924 మే 7న ఒక వైపే తుపాకి ఉంది. మంప దగ్గర పట్టుబడిన మనిషిని కొయ్యూరు తెచ్చారు. చెట్టుకు కట్టారు. విచారణ లేదు, సాక్షులు లేరు, జడ్జి లేడు. మేజర్ గుడాల్ శిబిరంలో కాల్చి చంపారు. పారిపోబోయాడు గనుక కాల్చామని పైవాళ్ళకు చెప్పుకున్నారు. ఆయనకు 27 ఏళ్ళు నిండలేదు. ఆ శరీరాన్ని కృష్ణదేవిపేటలో దహనం చేశారు. తర్వాత నెలలో గాము గంటం దొర కాల్పుల్లో పోయాడు. తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకెళ్ళి, బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు గెలిచాడు. దీని మీద ఎవరూ సినిమా తీయరు. చంపడం లేదు గదా, టికెట్లు తెగవు.

రాజుగారు మన విశ్వాసంలోని వాడు కాడు. అయినా ఆయన మరణం అన్యాయమని ఈ మండలంలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఎందుకు అన్యాయం అని అడగండి. "చేతులు కట్టేసి కాల్చారు అయ్యగారూ" అంటాడు. సరే. మరి ఆర్ ఆర్ ఆర్ చివరికి వద్దాం. రక్తమోడుతూ, ఇక ఎదిరించే స్థితి లేక పడి ఉన్న స్కాట్ దొరను, కాల్పుల ఆజ్ఞలు ఒక్కొక్కటే వినిపించి, నింపాదిగా గురిచూసి కాలుస్తారు. అక్కడ ఇల్లంతా ఈలలు. అందులో ఒక హీరో పేరు రామరాజు. కల్పిత కథే, దొర దుర్మార్గుడే, కాదనను. కాని నిస్సహాయుడైన మనిషిని కాల్చడం తప్పని లోకంలో అందరికంటే బాగా తెలిసినది కొయ్యూరు వాళ్ళకు. మనం కూడా ఈల వేస్తే, 1924లో మనకు బాధ కలిగించింది ఆ పని కాదనీ, చేసినవాడు మనవాడు కాకపోవడమేననీ ఒప్పుకున్నట్టే.

ఇంకో సంగతి. సండేస్కూల్ పిల్లవాడు ఒకడు ఈ సినిమాలు చూసి నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "అయ్యగారూ, ఆ తెల్లదొరలు మన మతంవాళ్ళే కదా?" బళ్ళో తోటిపిల్లలు అన్నారట. ఈ మాట మన పిల్లలు ఏటా ఆగస్టులో మోస్తారు, ఇంట్లో చెప్పరు. జవాబు దాటవేయవద్దు. దొరల పేర్లు చర్చి రిజిస్టర్లలో ఉండి ఉంటాయి. కాని ఆ చెట్టు దగ్గర మన ప్రభువు ఏ పక్కన నిలబడి ఉంటాడో యోహాను సువార్త 18వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. సైనికులు ఆయనను పట్టుకొని బంధించారు. బంధించబడి ఉండగా ఒక బంట్రౌతు చెంపమీద కొట్టాడు. నేను చెడ్డమాట పలికితే రుజువు చెయ్యి, లేకపోతే ఎందుకు కొడుతున్నావు అని ఆయన అడిగాడు. విచారణ లేకుండా కట్టేసిన మనిషిని కొట్టినవాడిని ప్రభువు అడిగిన ప్రశ్న అది. గుడాల్‌కూ అదే ప్రశ్న. మన రామరాజు వేషధారికీ అదే.

రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయంలో సిరియా సైన్యం దోతానులో ఎలీషాను పట్టుకోవడానికి గుఱ్ఱాలతో, రథాలతో వచ్చింది. ప్రభువు వాళ్ళ కళ్ళకు గుడ్డితనం కలుగజేస్తే, ఎలీషా వాళ్ళను నడిపించుకుంటూ నేరుగా షోమ్రోను నడిబొడ్డుకు తెచ్చాడు. సినిమా అయితే ఇక్కడ డప్పులు మోగాలి. ఇశ్రాయేలు రాజు కూడా అదే అనుకున్నాడు, కొట్టనా, కొట్టనా అని రెండుసార్లు అడిగాడు. ప్రవక్త వద్దన్నాడు. నీ కత్తితో, నీ వింటితో చెరపట్టిన వాళ్ళను నువ్వు చంపుతావా అని అడిగి, భోజనం పెట్టించమన్నాడు. రాజు గొప్ప విందు చేసి పంపించాడు. దండులు రావడం ఆగింది. అయితే బైబిలు తెరిచి చదివేవాళ్ళు నన్ను పట్టుకుంటారు: వెంటనే తర్వాతి వచనంలో బెన్హదదు మళ్ళీ ముట్టడి వేశాడు కదా అని. నిజమే. అన్నం పెడితే శత్రువు ఎప్పటికీ రాడని ఎలీషా చెప్పలేదు. చేతికి చిక్కినవాణ్ణి చంపవద్దు అన్నాడు, అంతే.

సమూయేలు అగగును చంపలేదా, గిద్యోను జెబహును, సల్మున్నాను చంపలేదా అని ఇంకొకరు అడుగుతారు. చంపారు. సమూయేలు ముందు అతని నేరం ముఖాన చెప్పాడు. గిద్యోను సంగతి ఇంకా చూడవలసినది. తన సహోదరుల చావుకు పగ తీర్చుకోవడానికి, ఆ ఇద్దరు బందీలను నరకమని పెద్దకొడుకు యెతెరుతో చెప్పాడు. ఆ పిల్లవాడు కత్తి దూయలేదు. చిన్నవాడు, భయపడ్డాడు అని న్యాయాధిపతుల గ్రంథం 8వ అధ్యాయం చెబుతోంది. ఒక్క వచనంలో వచ్చి పోతాడు యెతెరు. తండ్రి మిద్యాను సైన్యాన్ని చెదరగొట్టిన వీరుడు. సైనికులంతా చూస్తున్నారు. అయినా అతని చెయ్యి కదలలేదు. మన పిల్లల చెయ్యి అంతకంటే గట్టిపడుతోందా అని నాకు భయం.

సైన్యాన్ని తక్కువ చేయడం లేదు. సిపాయిలు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి మేమేం చేయాలి అంటే, ఉద్యోగం మానుకోమని ఆయన చెప్పలేదు, ఎవరినీ బాధపెట్టి లాక్కోవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. మన కొండల నుండి కూడా పిల్లలు ఆర్మీకి, సీఆర్‌పీఎఫ్‌కు వెళ్ళారు. వాళ్ళ తల్లులు ఈ సినిమాలు చూడరు, గమనించారా? సరిహద్దులో కాల్పులు అని టీవీలో రాగానే లేచి వంటగదిలోకి వెళ్ళిపోతారు. 1971 డిసెంబరులో విశాఖ సముద్రంలో ఘాజీ మునిగినప్పుడు అందులో 90 మందికి పైగా ఉన్నారు. ఎక్కడో వాళ్ళకూ వంటగదుల్లో తల్లులు ఉండి ఉంటారు. యుద్ధంలో అది తప్పలేదు అనవచ్చు. కాని తప్పని పనికి డాన్సు ఎందుకు?

మనకు తుపాకి చప్పుడు టీవీలోనిది మాత్రమే కాదు. 2021 జూన్ 16న మన మండలంలోనే, మంప పోలీసు స్టేషన్ పరిధిలో, తీగలమెట్ట అడవిలో ఎదురుకాల్పులు జరిగి ఆరుగురు మావోయిస్టులు చనిపోయారు. ఎవరిది న్యాయమో తేల్చడానికి నేను కూర్చోలేదు. అడవిలోకి వెళ్ళిన పోలీసుల కోసమూ, ఎదురుగా ఉన్నవాళ్ళ కోసమూ ఎదురుచూసిన ఇళ్ళు ఉన్నాయని మాత్రం తెలుసు. అలాంటి చోట పెరిగే పిల్లలకు చంపడం వేడుకగా చూపిస్తే, విశాఖలోనో హైదరాబాదులోనో చూపించినట్టు కాదు.

ఇక మీరు చేయగలిగింది చిన్నది. టీవీ కట్టేయనక్కరలేదు. అలాంటి ఘట్టం వచ్చినప్పుడు పిల్లల పక్కన కూర్చోండి, వాళ్ళు చప్పట్లు కొడితే తిట్టకండి. "మంప దగ్గర పట్టుకున్నాయన్ని కూడా ఇలాగే చేశారు కదరా" అని ఒక్క మాట అనండి. తర్వాత సినిమా చూడనివ్వండి.

వచ్చే ఆదివారం సాయంకాలం కూటంలో న్యాయాధిపతులు 8, రెండవ రాజులు 6 చదువుకుందాం. పిల్లల్ని కూడా తీసుకురండి. యెతెరు కత్తి దూయకపోవడం పిరికితనమా, కాదా అని వాళ్ళనే అడుగుతాను. జవాబు మీరు ఇంట్లో నేర్పి పంపవద్దు. వాన ఉంటే ఏడు గంటలకు మొదలుపెడదాం, వాగు అవతలి వాళ్ళ కోసం ఆగుతాం.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు, కొయ్యూరు